కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణ

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణ అనగా ఆంధ్ర ప్రదేశ్ తీరానికి ఎదురుగా, బంగాళాఖాతపు లోతైన అడుగుభాగంలో మంచు వంటి ఘనరూపంలో బంధింపబడి ఉన్న మిథేన్ వాయు నిక్షేపాలను గుర్తించి, వాటి స్వభావాన్ని అధ్యయనం చేయడానికి జరిగిన శాస్త్రీయ కృషి. భారత ప్రభుత్వపు జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం (ఎన్.జి.హెచ్.పి.) క్రింద 2006లోను, 2015లోను ఇక్కడ సముద్రపు అడుగును తొలిచి నమూనాలు సేకరించారు. నిక్షేపాలు ఉన్నాయని ఈ యాత్రలు నిర్ధారించాయి. అయితే వాటి నుండి వాణిజ్య స్థాయిలో వాయువును వెలికితీయడం భారతదేశంలోనే కాక ప్రపంచంలో ఎక్కడా ఇంకా మొదలు కాలేదు.

గ్యాస్ హైడ్రేట్ అంటే ఏమిటి

నీటి అణువులు ఒకదానితో ఒకటి కలిసి పంజరం వంటి నిర్మాణాన్ని ఏర్పరచినపుడు, ఆ పంజరంలో ఏదైనా వాయువు యొక్క అణువు చిక్కుకొంటే ఏర్పడే ఘనపదార్థాన్ని గ్యాస్ హైడ్రేట్ అంటారు. ప్రకృతిలో దొరికే హైడ్రేట్లలో చిక్కుకొన్న వాయువు అధికభాగం మిథేనే. చూడడానికి ఇది తెల్లని మంచుగడ్డ లాగానే ఉంటుంది, కాని అగ్గిపుల్ల గీసి అంటిస్తే మండుతుంది. అందువలన దీనికి "మండే మంచు" అనే పేరు వచ్చింది. ఒక ఘనపు మీటరు మిథేన్ హైడ్రేటు పూర్తిగా విడిపోతే సాధారణ పీడనం వద్ద సుమారు 164 ఘనపు మీటర్ల వాయువు, 0.8 ఘనపు మీటరు నీరు వెలువడతాయి.

హైడ్రేటు నిలిచి ఉండాలంటే అధిక పీడనం, తక్కువ ఉష్ణోగ్రత రెండూ కావాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 1,000 మీటర్ల లోతున పీడనం భూమిపై ఉన్నదానికి దాదాపు నూరు రెట్లు. అక్కడ నీరు కూడా చల్లగా ఉంటుంది. కాబట్టి లోతైన సముద్రపు అడుగున ఉన్న మట్టి హైడ్రేట్లకు అనువైన చోటు. కాని అడుగు నుండి ఇంకా క్రిందికి పోయిన కొద్దీ భూగర్భపు వేడి పెరుగుతుంది. కొన్ని వందల మీటర్లు దాటిన తరువాత ఆ వేడికి హైడ్రేటు నిలువలేదు, వాయువు స్వేచ్ఛగా ఉండిపోతుంది. ఈ విధంగా సముద్రపు అడుగుకు, ఈ హద్దుకు మధ్య ఉన్న పొరను హైడ్రేటు స్థిరమండలం అంటారు.

హైడ్రేట్లను మొదట ప్రయోగశాలలో గుర్తించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన క్లోరిన్ హైడ్రేటును వర్ణించాడు. 1934లో అమెరికాలో సహజవాయు గొట్టాలను మూసివేస్తున్నది మంచు కాదనీ, హైడ్రేటనీ తెలిసింది. ప్రకృతిలో కూడా ఇవి విస్తారంగా ఉన్నాయని గుర్తించినది 1960ల తరువాతనే.

ఈ బేసిన్‌లోనే ఎందుకు

భారత భూభాగం అంటార్కిటికా నుండి విడిపోయినప్పుడు, అనగా సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం, తూర్పు తీరం ఏర్పడడం మొదలైంది. ఆ తరువాత కృష్ణా, గోదావరి నదులు దక్కను పీఠభూమి నుండి మోసుకొచ్చిన ఒండ్రుమట్టి సముద్రంలో పొరలు పొరలుగా పేరుకొన్నది. నదులు తెచ్చిన మట్టిలో ఆకులలములు, ఇతర జీవపదార్థం కలిసి ఉంటాయి. ప్రాణవాయువు అందని లోతులో సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని కుళ్ళింపజేసి మిథేన్‌ను విడుదల చేస్తాయి. ఈ బేసిన్‌లోని హైడ్రేట్లలో ఉన్న మిథేన్ అధికభాగం ఇటువంటి సూక్ష్మజీవుల నుండి పుట్టినదే.

మెత్తని మట్టి వేగంగా పేరుకోవడం వలన ఖండతీరపు వాలుపై పొరలు జారి, వంగి, పగుళ్ళు ఏర్పడ్డాయి. క్రింద ఉన్న వాయువు పైకి రావడానికి ఈ పగుళ్ళు దారులయ్యాయి. కాబట్టి వాయువు, నీరు, పీడనం, చల్లదనం, చేరుకొనే దారి అన్నీ ఒకేచోట సమకూడినాయి.

కాకినాడ సమీపాన గాడిమొగ వద్ద తీరానికి చేరే కేజీ-డి6 సహజవాయువుకు, ఈ హైడ్రేట్లకు తేడా ఉన్నది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన డి6 క్షేత్రంలోని వాయువు సముద్రపు అడుగుకు ఇంకా చాలా క్రింద, శిలల రంధ్రాలలో స్వేచ్ఛావాయువుగా ఉంటుంది. బావి తవ్వితే తన పీడనంతోనే పైకి వస్తుంది. హైడ్రేటు ఘనపదార్థం కనుక అలా రాదు.

అన్వేషణ పద్ధతులు

తొలి ఆధారం భూకంప తరంగ సర్వేల ద్వారా లభిస్తుంది. ఓడ నుండి ధ్వని తరంగాలను పంపి, అడుగు పొరల నుండి తిరిగి వచ్చిన ప్రతిధ్వనులను నమోదు చేస్తారు. హైడ్రేటు ఉన్న మట్టిలో తరంగాలు వేగంగాను, దాని క్రింద స్వేచ్ఛావాయువు ఉన్న మట్టిలో నెమ్మదిగాను ప్రయాణిస్తాయి. ఈ రెండింటి సరిహద్దు నుండి ఒక బలమైన ప్రతిధ్వని వస్తుంది. ఇది సముద్రపు అడుగు ఎలా ఎగుడుదిగుడుగా ఉంటే అదే ఆకారంలో కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని బి.ఎస్.ఆర్. అంటారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.), గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ భారత తీరాల వెంబడి ఇటువంటి గుర్తులను వెదికి పటాలు తయారు చేయడంలో ముఖ్యపాత్ర వహించాయి.

బి.ఎస్.ఆర్. కనిపించినంత మాత్రాన హైడ్రేటు ఉన్నట్లు తేలిపోదు. ఎంత ఉన్నదో అసలే తెలియదు. అందుకు తొలిచి చూడడం తప్పనిసరి. ఇందులో ప్రధానమైన పద్ధతులు:

- విద్యున్నిరోధం కొలవడం: హైడ్రేటు విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. కాబట్టి అది ఉన్నచోట నిరోధం పెరుగుతుంది.
- పరారుణ కెమెరా: పైకి తెచ్చిన మట్టికడ్డీలో హైడ్రేటు విడిపోతూ వేడిని గ్రహిస్తుంది. ఆ భాగం మిగిలిన మట్టికంటె చల్లగా కనిపిస్తుంది.
- లవణీయత: హైడ్రేటు ఏర్పడేటపుడు ఉప్పును బయట వదిలివేస్తుంది. అది కరిగితే మంచినీరు వస్తుంది. మట్టిలోని నీరు ఎంత పలచబడిందో చూసి హైడ్రేటు పరిమాణాన్ని లెక్కిస్తారు.
- పీడన నమూనాలు: అడుగున ఉన్న పీడనాన్ని తగ్గనీయకుండా మూసివేసిన గొట్టంలో మట్టిని పైకి తెస్తారు. తరువాత పీడనాన్ని మెల్లగా వదిలి, వెలువడిన వాయువును కొలుస్తారు. వీటిలో అత్యంత నమ్మదగినది ఇదే.

2006 యాత్ర

భారత పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖ 1997లో ఎన్.జి.హెచ్.పి.ని ఆరంభించి, 2000లో పునర్వ్యవస్థీకరించింది. హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ సమన్వయ బాధ్యత వహించింది. అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ (యు.ఎస్.జి.ఎస్.) శాస్త్రీయ సహకారం అందించింది. మొదటి యాత్ర 2006 ఏప్రిల్ 28 నుండి ఆగస్టు 19 వరకు సాగింది. "జాయిడిస్ రిజల్యూషన్" అనే డ్రిల్లింగ్ ఓడ 21 స్థలాలలో 39 బావులు తొలిచింది. ఈ స్థలాలలో 15 కృష్ణా-గోదావరి బేసిన్‌లో, 4 మహానది బేసిన్‌లో, ఒక్కొక్కటి అండమాన్ సముద్రంలోను, కేరళ-కొంకణ్ తీరంలోను ఉన్నాయి. కేరళ-కొంకణ్ తీరంలో హైడ్రేటు లభించలేదు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో 10వ సంఖ్య గల స్థలం ఈ యాత్రలో ప్రసిద్ధి చెందింది. అక్కడ సుమారు 1,000 మీటర్ల నీటి క్రింద, దాదాపు 130 మీటర్ల మందమున్న బంకమట్టి పొరలో హైడ్రేటు కనిపించింది. అప్పటికి ప్రపంచ సముద్రాలలో తెలిసిన అత్యంత సమృద్ధమైన నిక్షేపాలలో ఇది ఒకటి.

అయితే ఇదే స్థలం ఒక విలువైన పాఠాన్ని కూడా నేర్పింది. విద్యున్నిరోధపు కొలతలను మామూలు సూత్రంతో లెక్కిస్తే మట్టి రంధ్రాలలో 50 శాతానికి పైగా, కొన్నిచోట్ల 80 శాతం వరకు హైడ్రేటు ఉన్నట్లు తేలింది. సమీపపు బావుల నుండి తెచ్చిన పీడన నమూనాలలో మాత్రం అది 26 శాతం లోపే. ఇంత వ్యత్యాసానికి కారణం పగుళ్ళు. ఇక్కడ హైడ్రేటు మట్టి అంతటా సమానంగా వ్యాపించి లేదు, నిటారుగా ఉన్న పగుళ్ళలో పలకలుగా పేరుకొన్నది. ఆ పలకలు విద్యుత్తుకు అడ్డుగోడల వలె నిలుస్తాయి. ఆ సంగతి గమనించక మట్టి అంతా ఒకే తీరుగా ఉన్నదని లెక్కిస్తే, ఉన్నదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. భారతదేశపు హైడ్రేట్లలో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల వాయువు ఉండవచ్చునని తరచుగా ఉదహరించే సంఖ్యను కూడా ఈ దృష్టితోనే చూడాలి. అది ముందస్తు అంచనా. తవ్వి కొలిచిన నిల్వ కాదు, వెలికితీయగల పరిమాణం అంతకంటె కాదు.

2015 యాత్ర

బంకమట్టి పగుళ్ళలోని హైడ్రేటును వెలికితీయడం కష్టం. బంకమట్టి గుండా వాయువు సులభంగా ప్రవహించదు. ఇసుక పొరలలో అయితే రేణువుల మధ్య ఖాళీల గుండా వాయువు బావి వరకు రాగలదు. అందువలన రెండవ యాత్ర లక్ష్యం ఇసుకను వెదకడమే. 2015 మార్చి నుండి జూలై వరకు జపాన్ ఓడ "చిక్యు" కృష్ణా-గోదావరి, మహానది బేసిన్‌లలో 25 స్థలాల వద్ద 42 బావులు తొలిచింది. ఈసారి నీటి లోతు 1,500 మీటర్లకు పైనే. ఓ.ఎన్.జి.సి. ఈ యాత్రను నిర్వహించింది.

పూర్వకాలంలో సముద్రగర్భపు కాలువల వెంట జారివచ్చిన ముతక ఇసుక పొరలలో హైడ్రేటు దట్టంగా నిండి ఉన్నట్లు ఈ యాత్రలో తేలింది. ఇటువంటి నిక్షేపాలు హిందూ మహాసముద్రంలో లభించడం అదే తొలిసారి అనీ, అవి వెలికితీతకు వీలైన రకానికి చెందినవనీ 2016 జూలైలో యు.ఎస్.జి.ఎస్. ప్రకటించింది.

చీకటి లోతుల్లో జీవం

హైడ్రేట్లు ఉన్నచోట కొన్నిసార్లు మిథేన్ పగుళ్ళ వెంట అడుగుపైకి ఊరుతూ ఉంటుంది. ఇటువంటి స్థలాలను శీతల ఊటలు అంటారు. 2007లో ఫ్రెంచి నౌక "మారియన్ డుఫ్రేన్" సేకరించిన మట్టికడ్డీలలో, ప్రాచీన కాలపు ఊటలకు ఆనవాళ్ళయిన ఆలుచిప్పలు, సున్నపురాయి ముద్దలు లభించాయి. 2018లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన "సింధు సాధన" నౌకపై వెళ్ళిన శాస్త్రజ్ఞులు ఈ బేసిన్‌లో సజీవంగా ఉన్న ఊటను కనుగొన్నారు. అనింద్య మజుందార్, ఆయన సహచరులు 2019లో దాని వివరాలు ప్రచురించారు.

సూర్యకాంతి సోకని ఈ చోట ఆహారపు గొలుసు పచ్చని మొక్కతో మొదలు కాదు. సూక్ష్మజీవులు సముద్రజలంలోని సల్ఫేటు సాయంతో మిథేన్‌ను వినియోగించుకొని హైడ్రోజన్ సల్ఫైడును విడుదల చేస్తాయి. ఆలుచిప్పల మొప్పలలోను, గొట్టపు పురుగుల దేహాలలోను నివసించే బ్యాక్టీరియా ఈ రసాయనాల నుండే ఆహారం తయారు చేస్తాయి. క్రింది నుండి వచ్చే మిథేన్‌లో పెద్దభాగం ఈ సూక్ష్మజీవుల వల్లనే నీటిలో కలవకుండా ఆగిపోతుంది.

వెలికితీత: ప్రయత్నాలు, సమస్యలు

హైడ్రేటు నుండి వాయువును విడదీయడానికి నాలుగు మార్గాలు పరిశీలనలో ఉన్నాయి: పీడనాన్ని తగ్గించడం, వేడిచేయడం, రసాయనాలను పంపడం, మిథేన్ స్థానంలో కార్బన్ డయాక్సైడును చొప్పించడం. మొదటి మార్గమే అన్నింటికంటె అనువైనదిగా భావిస్తున్నారు. 2013 మార్చిలో జపాన్ నంకాయ్ ద్రోణిలో ఈ పద్ధతిలో ఆరు రోజుల పాటు సుమారు 1,20,000 ఘనపు మీటర్ల వాయువును తీసింది. ఇసుక బావిలోకి చొరబడడంతో పరీక్ష ఆగిపోయింది. చైనా దక్షిణ చైనా సముద్రంలో 2017లో 60 రోజులలో సుమారు 3 లక్షల ఘనపు మీటర్లు, 2020లో 30 రోజులలో సుమారు 8.6 లక్షల ఘనపు మీటర్లు ఉత్పత్తి చేసింది. ఇవన్నీ పరీక్షలు మాత్రమే.

భారతదేశం తాను వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి చేసుకొంటున్నది. కాబట్టి తీరంలోనే ఉన్న ఈ నిక్షేపాలపై ఆసక్తి సహజం. అయితే ఈ క్రింది అంశాలు తేలవలసి ఉన్నాయి.

- నేల స్థిరత్వం: కొన్ని పొరలలో మట్టి రేణువులను పట్టి ఉంచే బంధం హైడ్రేటే. అది కరిగిపోతే వాలుపై ఉన్న మట్టి కుంగవచ్చు, జారవచ్చు. ఈ బేసిన్ వాలులో పాత జారుళ్ళ గుర్తులు ఇప్పటికే ఉన్నాయి.
- వాతావరణం: నూరేళ్ళ కాలంలో లెక్కిస్తే మిథేన్ కార్బన్ డయాక్సైడుకంటె సుమారు 28 రెట్లు శక్తిమంతమైన హరితగృహ వాయువు. తీసేటపుడు కొంత లీకైనా నష్టమే.
- జీవజాలం: శీతల ఊటల జీవులు ఊటను విడిచి బ్రతుకలేవు. ఈ బేసిన్‌లో వాటిపై అధ్యయనం మొదలై కొద్ది సంవత్సరాలే అయింది.
- ఖర్చు: లోతైన నీటిలో ఎక్కువ కాలం నిలకడగా వాయువు రాకపోతే బావి ఖర్చు తిరిగి రాదు.

ఇరవై ఏళ్ళకు పైబడిన ఈ అన్వేషణలో మొదటి ప్రశ్నకు, అనగా హైడ్రేటు ఉన్నదా అన్నదానికి, జవాబు లభించింది. ఎంత ఉన్నది అన్నదానికి స్థలాన్ని బట్టి జవాబు మారుతున్నది. నిరపాయంగా, లాభసాటిగా తీయగలమా అన్నది ఇక్కడి సముద్రంలో ఉత్పత్తి పరీక్ష జరిపితే గాని తేలదు.