తుపాకీ గొట్టం ఆయుష్షు: ఒక్క వాక్యానికి వ్యాఖ్యానం

“వేగపు తూటా పేల్చే గొట్టాన్ని చల్లారనిచ్చి, వెనక నుంచి తుడిచి, పొడిగా దాచుకోవాలి.” రైఫిల్ జాగ్రత్తలన్నీ ఈ వాక్యంలో ఇమిడిపోతాయి. అమెరికాలో దీని మొదటి సగాన్ని పట్టించుకుంటారు. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఉన్నవాడికి రెండో సగమే ముఖ్యం.

వేగపు తూటా: పచ్చిక మైదానాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్‌ల లాంటి చిన్న జంతువుల్ని దూరం నుంచి కొట్టడానికి పుట్టింది. 1935లో విన్‌చెస్టర్ కంపెనీ తెచ్చిన .220 స్విఫ్ట్ గుండు సెకనుకు 1,200 మీటర్లు దాటి పోతుంది. అక్కడి గురికాళ్లు మందు తామే తూచి తూటాలు నింపుకుంటారు, ఇంకాస్త వేగం కోసం ఇంకాస్త మందు పోస్తారు. మన దగ్గర తూటా తయారీకి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. .315 రైఫిలున్న రైతు కొన్న తూటాతోనే సరిపెట్టుకుంటాడు. అడవి పంది మొక్కజొన్న చేను దున్నేసినా అటవీ శాఖ అనుమతి లేనిదే కాల్చకూడదు. అందుకే ఇక్కడ గొట్టాలు కాల్చి కాల్చి అరిగిపోవడం అరుదు.

గొట్టం: మొత్తం ఒకేలా అరగదు. తూటా కూర్చునే గది దాటగానే మెలి గాడులు మొదలయ్యే చోటుంది, దాన్ని గొంతు అంటారు. దెబ్బ తగిలేది అక్కడే. సన్నటి గొట్టం వెనక పెద్ద తూటా పెడితే, వంశధార కాలువ నీళ్లన్నీ ఒక్క పిల్లకాలువలోకి వదిలినట్టే. మండే వాయువు ఆ గొంతును క్షణంలో వెయ్యో వంతులో అతిగా వేడెక్కిస్తుంది, మళ్లీ అది చల్లబడుతుంది. ఇలా పదే పదే జరిగితే ఉక్కు పైపొర పెళుసెక్కి నెర్రెలిస్తుంది, పెచ్చులూడుతుంది. గొంతు ముందుకు జరిగిపోయి గురి చెదురుతుంది.

మందు ఎంత పోశామన్నదే కాదు, ఏ మందన్నదీ లెక్కే. దీనికి బ్రిటిష్ సైన్యమే సాక్ష్యం. లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ గాడులు నల్ల తుపాకిమందు కోసం లోతు తక్కువగా, గుండ్రంగా చెక్కినవి. కార్డైట్ అనే పొగలేని మందు వచ్చాక అవి త్వరగా అరిగిపోయాయి. 1895లో లోతైన గాడులతో లీ-ఎన్‌ఫీల్డ్ తేవలసి వచ్చింది. కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్ మొదట 58 శాతం, అందుకే అంత వేడి. తర్వాతి రకంలో దాన్ని 30 శాతానికి దించారు. నీలగిరుల్లో అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోదే, అంటే ఈ కథ మనకు మరీ దూరం కాదు. ఈనాటికీ సూత్రం మారలేదు: వేడి తక్కువ మందు వాడు, పట్టినంతా పొయ్యకుండా కొంచెం తగ్గించు. ఆ కాస్త వేగం పోతే పందికీ తెలియదు, ప్రెయిరీ డాగ్‌కీ తెలియదు.

చల్లారనిచ్చి: వేడెక్కిన ఉక్కు మెత్తబడి త్వరగా అరుగుతుంది. చెయ్యి ఆనించలేనంత కాలితే ఆగాలి. లావు గొట్టం నెమ్మదిగా వేడెక్కుతుంది, కానీ చల్లారడానికీ అంతే సమయం పడుతుంది.

వెనక నుంచి తుడిచి: బోల్టు తీసేసి కడ్డీని తూటా గది వైపు నుంచే తొయ్యాలి. మూతి నుంచి దూరిస్తే కడ్డీ రాసుకుని మూతి అంచు అరుగుతుంది. గుండు చివరగా వదిలేది ఆ అంచునే, కనుక అక్కడ వంకర వస్తే గొంతు ఎంత బాగున్నా ఏమీ లాభం లేదు. పాత సైనిక రైఫిళ్లు చాలావాటికి ఈ గతే పట్టింది. ఆ కాలపు తూటాల నిప్పుపూత (ప్రైమర్) గొట్టంలో ఉప్పు మిగిల్చేది. చెమ్మ తగిలితే తుప్పే. అందుకే సిపాయిలు గొట్టంలో మరిగిన నీళ్లు పోసి కడిగేవారు, ఉప్పును కరిగించేది నీరే గాని నూనె కాదు.

పొడిగా దాచుకోవాలి: కళింగపట్నం తీరపు ఉప్పుగాలి నరసన్నపేటకు దూరమేమీ కాదు. తోలు సంచిలో పెట్టిన తుపాకీకి వానాకాలంలో చెమ్మ పడుతుంది, గుడ్డ సంచీదీ అదే దారి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్‌లో వారాల తరబడి ఉంటాయి. అప్పగించేముందు గొట్టం నిండా పల్చగా నూనె పట్టించాలి. తిరిగి తెచ్చుకున్నాక ఆ నూనె పొడిగుడ్డతో పూర్తిగా తీసేశాకే తూటా పెట్టాలి.