లంబసింగి దారిలో చోడి అంబలి

మొన్న జనవరిలో ఒక ఆదివారం మేము నలుగురు ఉపాధ్యాయులం తెల్లవారకముందే లంబసింగిలో దిగాం. మంచు చూడటానికి కాదు, మంచు మనకు కొత్తా? అక్కడి టిఫిన్ కొట్లలో మన తిండి అమ్ముతున్నారని పిల్లలు చెబితే తిని చూద్దామని వెళ్ళాం. ఒక రేకుల షెడ్డు ముందు అట్టముక్క మీద చోడి అంబలి, చోడి ఇడ్లీ, సామల ఉప్మా అని రాసి ఉంది. పట్నం కుర్రాళ్ళు అంబలి గ్లాసులతో ఫొటోలు దిగుతున్నారు.

మేమూ అన్నీ తెప్పించుకున్నాం. ఇడ్లీ నల్లగా, మెత్తగా ఉంది. సామలు మన ఇళ్ళలో అన్నంగా వండుకుంటాం గాని పోపు పెట్టి ఉప్మా చేయం. అయినా బాగుంది, వంక పెట్టడానికి లేదు. పేచీ అంతా అంబలి దగ్గరే. తియ్యగా ఉంది, బెల్లం వేశారు. మన అంబలి పుల్లనిది. రాత్రే పిండి కలిపి కుండలో పులియనిచ్చి, పొద్దున కాచి, చల్లార్చి, ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగేది. కొండకు పోయేవాళ్ళు ఎండు సొరకాయ బుర్రలో పోసుకుని పట్టుకెళ్ళేవారు.

"అక్కా, పుల్లటిది లేదా?" అని అడిగాం.

"మా ఇంట్లో అదే మాస్టారూ. వీళ్ళు తాగరు" అంది కొట్టు నడిపే ఆమె.

ఆ కొట్టు ముందున్న దారికీ ఒక చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి గూడెం తహసీల్దారు బాస్టియన్ మన తాతలను వెట్టికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడటానికి వెనుక ఈ రోడ్డు పని ఉంది, పోడు మీద ఆంక్షలూ ఉన్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి సర్కారుదైంది, పోడు నేరమైంది. పోడంటే చోళ్ళు, సామలు, కందులు, వలిసెలు. అంటే మన పొద్దుటి కుండే. పాఠ్యపుస్తకంలో తిరుగుబాటు ఉంటుంది, కుండ ఉండదు.

అయినా చోళ్ళు వెంటనే పోలేదు. మా చిన్నతనం దాకా ఉన్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఆ బియ్యాన్ని మేము తప్పు పట్టం. ఆకలి నెలలు ఎలా ఉండేవో మా అమ్మలకు తెలుసు. మామిడి టెంకలోని జీడి దంచి, చేదు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి అంబలి కాచుకున్న ఇళ్ళు మావి. కాని బియ్యం వచ్చాక చోడిచేను చిన్నదైంది. ఆపైన హాస్టలు. మేము చదివిన హాస్టల్లో పొద్దున గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. మా అమ్మ సంత రోజున బుర్రలో అంబలి తెస్తే ఒక మాస్టారు అందరి ముందూ "ఇదేం కుడితి?" అన్నారు. ఆ రోజు మేము తాగలేదు. అమ్మ తిరిగి మోసుకెళ్ళింది. మాలో చాలామందికి ఇలాంటిదొకటి ఉంటుంది, ఎవరూ చెప్పరు.

2023 మార్చి నుంచి మన రాష్ట్రం బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలుపెట్టారు. మా తరగతిలో ఒక పిల్ల "సార్, రాగులంటే ఏమిటి?" అని అడిగింది. వాళ్ళ నాన్న చోళ్ళు పండిస్తాడు. ఒడియా మాట్లాడే పిల్లలేమో మండియా అంటారు. మూడు పేర్లూ బోర్డు మీద రాశాం. తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో పుట్టి, వేల ఏళ్ళ కిందటే ఈ దేశానికి వచ్చిన గింజ అని చెబితే ఎవరూ నమ్మలేదు.

లంబసింగిలో లేచి వచ్చే ముందు పిండి ఎక్కడిదని అడిగాం. నర్సీపట్నం నుంచి ప్యాకెట్లు తెస్తుందట. పై ఊళ్ళో చోళ్ళు పండుతున్నా, మరకు మోసుకొచ్చి ఆడించి ఇచ్చేవాళ్ళు లేరంది. మేము తెచ్చిస్తే కొంటావా అంటే కొంటానంది. ముందు రోజు కబురు పెడితే పుల్లటిది కూడా కుండలో వేసి ఉంచుతానంది.

సోమవారం తరగతిలో ఈ మాట చెప్పాం. వచ్చే ఆదివారానికి పదకొండు మంది పేర్లు ఇచ్చారు. ఆ పిల్ల వాళ్ళ నాన్ననడిగి రెండు కుంచాల చోళ్ళు తెస్తానంది.