నాకు డ్రైవింగ్ నేర్పిన టారస్

1998లో పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో పాలు అయిపోయినా మా వారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. మేమున్న చోట బస్సుల్లేవు, నాకు డ్రైవింగ్ రాదు. అప్పుడు కొన్నాం ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ టారస్. మొన్న పాత ఆల్బమ్‌లో దాని ఫోటో కనబడింది. ఆ కారు కథేమిటో చదివితే భలే ఆశ్చర్యమేసింది.

1980ల మొదట్లో ఫోర్డ్ కంపెనీ బాగా నష్టాల్లో ఉంది. జపాన్ కార్లు జనానికి తెగ నచ్చేస్తున్నాయి. ఆ పరిస్థితిలో దాదాపు 300 కోట్ల డాలర్లు ఒక్క ఫ్యామిలీ కారు మీద పెట్టారు. 1985 డిసెంబరులో టారస్ అమ్మకానికి వచ్చింది. అప్పటిదాకా డబ్బాల్లా ఉండే కార్ల మధ్య ఇది మూలలన్నీ నున్నగా గుండ్రంగా ఉండేది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. దీని లోపలి డిజైన్ వెనక ఉన్నది ఒక ఆడమనిషి, మిమీ వాండర్‌మోలన్. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చేత్తో తడిమితేనే ఏ బటన్ ఏదో తెలియాలన్నది ఆవిడ పట్టుదల. 1987లో ఫోర్డ్ డిజైన్ విభాగంలో ఎగ్జిక్యూటివ్ అయిన మొదటి మహిళ ఆవిడే.

మా బాబుకి ఒక సాయంత్రం జ్వరం ఎక్కువైంది. మా వారు ఊళ్లో లేరు. బయట మంచు, అద్దమంతా ఆవిరి. చూపు రోడ్డు మీదే ఉంచి చెయ్యి చాపితే మీట దానంతటదే దొరికింది. ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్లడం నాకదే మొదటిసారి. ఎవరికి థాంక్స్ చెప్పాలో అప్పుడు తెలీదు.

1992 నుంచి 1996 దాకా వరసగా ఐదేళ్లు అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు టారసే. 1996 మోడల్‌లో వెనక అద్దంతో సహా అన్నీ కోడిగుడ్డు ఆకారంలో చేశారు, ధరా పెంచారు. చాలామందికి నచ్చలేదు. 1997లో టొయోటా క్యామ్రీ ముందుకెళ్లిపోయింది. 2006లో టారస్ తయారీ ఆపేశారు. కొత్తగా వచ్చిన సీఈఓ అలన్ ములాలీ ఇంత మంచి పేరు వదులుకోవడమెందుకని 2007లో మళ్లీ తెచ్చారు. కానీ అప్పటికే జనం ఎస్‌యూవీల వైపు తిరిగారు. 2019 మార్చిలో చికాగో ఫ్యాక్టరీలో చివరిది తయారైంది.

మా టారస్‌ని అమ్మిన రోజు, తాళాలు ఇచ్చేముందు ఒకసారి లోపల కూర్చుని కళ్లు మూసుకుని ఆ మీట వెతికాను. వెంటనే దొరికింది. ఇంతకీ మీరు మొదట స్టీరింగ్ పట్టిన బండి ఏది?