అతినీలలోహిత కాంతితో ఇంటి గాలి శుద్ధి: కర్నూలు, కడప ప్రాంతాలు

ఏసీ యంత్రం లోపలో, చల్లగాలి పారే డక్టులోనో యూవీ-సీ దీపం అమర్చి, గాలిలోని బాక్టీరియాను, వైరస్‌లను, బూజు బీజాలను నిర్జీవం చేసే పద్ధతి ఇది. అమెరికాలో చాలా ఇళ్ళకు ఒకే యంత్రం ఉంటుంది, గదులన్నిటికీ డక్టుల ద్వారా గాలి అందుతుంది. ఈ దీపాలకు ఇంటి గిరాకీ అక్కడే ఏర్పడింది. కర్నూలు, కడపల్లో అలాంటి ఇల్లు అరుదు. ఎండాకాలంలో ఇక్కడ నడిచేది కూలరు; కాస్త కలిగినవాళ్ళ ఇంట్లో గదికొక స్ప్లిట్ ఏసీ. డక్టులు కనిపించేది ఆసుపత్రుల్లో, సినిమా హాళ్ళలో, పెద్ద బట్టల దుకాణాల్లో.

పని చేసే తీరు

అతినీలలోహిత కాంతిలో 200 నుంచి 280 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న భాగాన్ని యూవీ-సీ అంటారు. సూర్యుడి నుంచి వచ్చే యూవీ-సీని ఓజోన్ పొర, పై వాతావరణం పూర్తిగా ఆపేస్తాయి. రాయలసీమ ఎండ ఎంత మండినా అందులో ఈ కిరణం ఉండదు. మిద్దె మీద పరుపులు ఎండేస్తే పురుగూ తేమా పోవడంలో ఎక్కువ పాత్ర వేడిది, పొడిదనానిది. కొంత యూవీ-ఏ, యూవీ-బీలది. యూవీ-సీ కావాలంటే దీపం వెలిగించుకోవాల్సిందే. వాడుకలో ఎక్కువగా ఉన్న అల్పపీడన పాదరస దీపం 253.7 నానోమీటర్ల దగ్గర కిరణాలు వెలువరిస్తుంది. అవి సూక్ష్మజీవి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను దెబ్బతీస్తాయి. అది వెంటనే చచ్చినా చావకపోయినా, ఇక పిల్లలు పెట్టలేదు.

అసలు చిక్కు మోతాదులో ఉంది. కాంతి తీవ్రతను, అది తగిలిన సమయంతో గుణిస్తే వచ్చేది మోతాదు. వంటింట్లోని నీళ్ళ ఫిల్టరులో ఇదే రకం దీపం చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే నీరు సన్నగా, నిదానంగా దీపాన్ని ఒరుసుకుంటూ పోతుంది. డక్టులో గాలి సెకనుకు రెండున్నర మీటర్లు పరుగెడితే, అర మీటరు పొడవున్న వెలుగు ప్రాంతాన్ని 0.2 సెకన్లలో దాటేస్తుంది. ఆ కాస్త సమయంలో బలమైన దీపమే ఫలితం ఇవ్వగలదు. స్ప్లిట్ ఏసీలో అంటించుకోమని అమ్మే చిన్న ఎల్‌ఈడీ పట్టీల నుంచి అంత శక్తి ఆశించడం అత్యాశ. పైగా బూజు బీజాలు బాక్టీరియా కంటే మొండివి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా ఇళ్ళలో వాడే మామూలు యూవీ పరికరాలు ఇచ్చే మోతాదు చాలా బీజాలకు చాలదనే చెబుతుంది.

గాలి విషయంలో తడబడే ఈ దీపం, కదలని ఉపరితలం మీద బాగా రాణిస్తుంది. ఏసీ లోపలి కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటే దాని మీద జిగురులాంటి సూక్ష్మజీవుల పొర పేరుకుంటుంది, వాసన వస్తుంది. దానికెదురుగా రాత్రింబవళ్ళు వెలిగే దీపం ఉంటే తక్కువ తీవ్రత అయినా మోతాదు కూడుతూ పోతుంది, పొర పెరగదు. అయితే ఈ మేలు తేమ ఉన్న ఊళ్ళకే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు గాలి ఎంత పొడిగా ఉంటుందో ఏసీ డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్టే చెబుతుంది. విశాఖలో నిండినట్టు ఇక్కడ నిండదు. వానాకాలం మూడు నాలుగు నెలలు పరిస్థితి మారుతుంది గాని, అప్పుడు ఏసీ వాడకమే తగ్గుతుంది.

చరిత్ర

సూర్యకాంతి బాక్టీరియాను అణచివేస్తుందని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ 1877లో చూపించారు. చర్మక్షయకు కాంతి చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. గాలి శుద్ధి మాటకొస్తే పునాది వేసింది అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్. 1930ల చివర ఫిలడెల్ఫియా ప్రాంతపు బడుల్లో తరగతి గది పై భాగాన దీపాలు పెట్టి పొంగు వ్యాప్తిని తగ్గించగలిగాడు. ఆ తర్వాత బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ వార్డు గాలిని గినీ పందుల గదుల్లోకి పంపి చూసింది. మామూలు గాలి పీల్చినవాటికి క్షయ సోకింది. యూవీ తగిలిన గాలి పీల్చినవాటికి సోకలేదు.

అదే క్షయ రాయలసీమ చరిత్రలోనూ ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1912లో నెలకొల్పిన శానటోరియం నమ్ముకున్నది పొడి వాతావరణాన్ని, ధారాళమైన గాలీ వెలుతురును. క్షయ వ్యాప్తి అరికట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు గది పైభాగపు యూవీ దీపాలను సూచించాయి, గాలి మార్పిడినీ సూచించాయి.

కోవిడ్ కాలంలో మన దేశంలోనూ యూవీ పరికరాలు వచ్చాయి. 2020లో హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఫోన్లను, కాగితాలను, కరెన్సీ నోట్లను శుద్ధి చేసే పెట్టె తయారుచేసింది. అది వస్తువుల కోసం, గాలి కోసం కాదు. గాలికి సంబంధించి చెప్పుకోదగ్గది చండీగఢ్‌లోని సీఎస్‌ఐఆర్-సీఎస్‌ఐఓ పరిశోధన సంస్థ రూపొందించిన డక్టు వ్యవస్థ. 2021లో దాన్ని పార్లమెంటు భవనంలో అమర్చారు.

దుమ్ము సంగతి

కర్నూలు, కడప నగరాలు రెండూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. ఇక్కడి గాలికి పట్టిన పీడ ముఖ్యంగా ధూళి: బేతంచెర్ల నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు, ఎర్రగుంట్ల పక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, మంగంపేట ముగ్గురాయి గనులు, వాటన్నిటికీ తోడు లారీలు, ఎండిన చేలు, వేసవి సుడిగాలి. యూవీ దీపం ఒక్క ధూళి రేణువునూ తొలగించదు. పైగా ఆ ధూళే దీపం మీద పేరుకుని కిరణాన్ని మింగేస్తుంది. సీమ ఇంట్లో ముందు కావలసింది ఏసీ జాలి కడగడం, మంచి ఫిల్టరు. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపుతుంది, సూక్ష్మజీవులు కూడా అందులోనే చిక్కుకుంటాయి. ఫిల్టరు తర్వాతే దీపం, అదీ పెద్ద డక్టు వ్యవస్థ ఉంటేనే.

కూలరుకు ఈ దీపం అసలు నప్పదు. బయటి గాలి ఆగకుండా లోపలికి తోసే యంత్రమది, దాని ప్లాస్టిక్ ఒళ్ళు యూవీ-సీకి పెళుసెక్కుతుంది. కూలరుకు వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టడమే శుద్ధి; డెంగీ దోమకూ మందు అదే.

జాగ్రత్తలు

యూవీ-సీ కంటికి కనిపించదు. ఊదా రంగులో మెరిసినంత మాత్రాన దీపం యూవీ-సీది కాదు; 365 నుంచి 395 నానోమీటర్ల చవక దీపాలకు క్రిములను చంపే బలం దాదాపు లేదు. నిజమైన యూవీ-సీ నేరుగా తగిలితే చర్మం కమిలిపోతుంది, వెల్డింగు వెలుగు చూసినవాళ్ళకు మల్లే కళ్ళు ఎర్రబడి ఇసుక పోసినట్టు మండుతాయి. అందుకే మూత తెరిస్తే దానంతటది ఆరిపోయే స్విచ్చు ఉన్న పరికరమే కొనాలి. 185 నానోమీటర్ల కిరణం కూడా వదిలే దీపాలు ఓజోన్ పుట్టిస్తాయి. ఆస్తమా ఉన్న ఇంట్లో అవి వద్దు. మామూలు పాదరస దీపం సుమారు 9,000 గంటల తర్వాత, అంటే ఏడాది పాటు ఆపకుండా వెలిగాక, వెలుగుతున్నట్టే కనిపించినా కిరణ బలం తగ్గిపోతుంది కాబట్టి మార్చాలి. తీసేసిన దీపంలో పాదరసం ఉంటుంది. దాన్ని చెత్తబండిలో వేయకుండా, పగలకుండా చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి.