ఐబ్ దాచిన సరుకు

భద్రాచలం కరకట్టకు గండి పడితే గోదారి పొంగేదాకా ఆగరు. ముందు ఆ గండి పూడుస్తారు, రంగులూ సోకులూ తర్వాత. సాఫ్ట్‌వేర్ బజార్‌లో దస్తూరు వేరు. కొత్త హంగులుంటేనే సరుకు అమ్ముడుపోతుంది. లోపలి ఐబ్ సరిచేస్తే తారీఫ్ చేసేవాళ్లుండరు.

2001 అక్టోబర్ 25న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీని ధూమ్‌ధామ్‌గా తెచ్చింది. తన విండోసుల్లో ఇదే అన్నిటికన్నా భద్రమైనదని చెప్పుకుంది. డిసెంబర్‌లోనే, దూరం నుంచే కంప్యూటర్‌ని కబ్జా చేయగల లోపం బయటపడింది. 2002 జనవరి 15న బిల్ గేట్స్ ఉద్యోగులందరికీ ఖత్ రాశారు. కొత్త హంగా, భద్రతా అని తేల్చుకోవాల్సి వస్తే భద్రతకే ఓటన్నది దాని సారాంశం. ఫిబ్రవరిలో విండోస్ కొత్త పని ఆపేసి, వేలమంది ఇంజనీర్లను లోపాలు వెతకడానికి కూర్చోబెట్టారు.

ఆ సబక్ యాది నిలవలేదు. 2023లో అమెరికా అధికారుల ఈమెయిళ్లు చోరీ అయ్యాయి. సర్కారీ విచారణ కంపెనీనే తప్పుపట్టింది. 2024 మే 3న మన హైదరాబాదీ సత్య నాదెళ్ల అదే మాట మళ్లీ రాశారు. అదే నెల 20న, స్క్రీన్ ఫొటోలు తీసి దాచిపెట్టే ‘రీకాల్’ను కంపెనీ ప్రకటించింది. భద్రత మీద ఆక్షేపణలొస్తే జూన్‌లో వెనక్కి తగ్గింది.

వాదా రాయడం ఆసాన్, నిభాయించడమే ముష్కిల్.

ఇవాళ ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లోనూ రేషన్, పట్టా కాగితాలు కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. దాంట్లో గల్తీ ఉంటే నుక్సాన్ అమ్మినోడికి కాదు, క్యూలో నిలబడ్డ గరీబుకు. ఐబ్ ఉంటే చెప్పి అమ్మాలన్నది మన బుజుర్గుల తిజారత్ ఉసూల్. సాఫ్ట్‌వేర్‌కైనా ఇన్సాఫ్ అదే.