పాత పుట్టీ - పాత బండీ

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో తెరచాప పడవ కొన్నాడు. కొత్తది కాదులెండి, ఎవరో వాడి వదిలేసింది. దాన్ని కారు వెనక కట్టుకుని లాక్కుపోవడానికి ఓ పాత ట్రెయిలర్ కూడా ఇచ్చారట. "చవగ్గా వచ్చిందత్తయ్యా!" అని ఫోనులో ఒకటే సంబరం.

నెల తిరక్కుండానే మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో సంబరం లేదు. టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉన్నా, ఏళ్ళ తరబడి ఒకేచోట ఎండలో నిలబడి బీటలు వారాయట. దూరం లాక్కొచ్చి వేడెక్కిన చక్రాన్ని అలాగే చన్నీళ్ళలోకి దింపితే బేరింగుల్లోకి నీరు పోయి తుప్పు పడుతుందట. "పడవకంటే బండికే ఎక్కువయ్యేట్టుంది" అని నిట్టూర్చాడు.

"మా పెదనాన్నని అడిగుంటే ముందే చెప్పేవాడురా" అన్నాను. వాడు నవ్వేశాడు.

నవ్వడానికేం లేదు. మాది కృష్ణ ఒడ్డు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల వైపు నేలను నడిగడ్డ అంటారు. అటు ఏరు, ఇటు ఏరు. వంతెనలు లేని రోజుల్లో పెళ్ళికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా పుట్టి ఎక్కాల్సిందే. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. ముందేదో వెనకేదో దానికే తెలీదు! పూర్వం పైన తోలు కప్పేవారు. తర్వాత తర్వాత ప్లాస్టిక్ గోతాలు చుట్టి తారు పూయడం వచ్చింది.

బుట్టే కదా అని తీసిపారేయకండి. దాని వంశం చాలా పెద్దది. 1398లో బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా సైన్యం నిండు కృష్ణ దాటడానికి తోలు కప్పిన బుట్టలే సిద్ధం చేసుకుందని ఫెరిస్తా రాశాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఆనెగొంది రేవులో వీటిని చూసి ముచ్చటపడ్డాడు. పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటిస్తాయనీ, తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూ పోతాయనీ రాసుకున్నాడు.

ఇంకా వెనక్కి పోతే, క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో హెరొడోటస్ బాబిలోను గురించి చెప్పిన ముచ్చట ఉంది. పై దేశం నుంచి వర్తకులు గుండ్రటి తోలు పడవల్లో సరుకుతో నది వెంట దిగి వచ్చేవారట. ప్రతి పడవలోనూ ఓ గాడిద ఉండేది. సరుకు అమ్మాక పడవ బద్దల్ని కూడా అక్కడే అమ్మేసి, తోళ్ళు మాత్రం గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవారు. ఏటికి ఎదురు పడవ నడపలేరు మరి! చూశారా, పడవ అమ్ముకున్నారు గాని, గాడిదను మాత్రం అమ్ముకోలేదు.

మా పెదనాన్న హెరొడోటస్‌ను చదవలేదు. అయినా అదే మాట అన్నాడు.

శ్రీశైలం ఆనకట్ట 1981లో పూర్తయింది. కృష్ణ వెనక్కి తన్ని కొల్లాపురం, అలంపురం వైపు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. సోమశిల గుళ్ళను విప్పి, రాళ్ళు తెచ్చి మెరక మీద మళ్ళీ కట్టారు. దేవుడికే ఇల్లు మారక తప్పలేదు, మేమెంత? నేనప్పుడు ఉయ్యాల్లో ఉన్నాను. చేతికొచ్చిన నష్టపరిహారంలోంచి పెదనాన్న ఓ పాత పుట్టీ, ఓ పాత ఎద్దులబండీ కొన్నాడట. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

బేరమాడిన తీరు మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. పుట్టిని ఎండలో బోర్లించి కిందికి దూరాడట. లోపల ఎండ చుక్కలు ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడక్కడ చిల్లులన్నమాట. నాలుగైదు లెక్కపెట్టి బయటికొచ్చి, మిగతా పూటంతా బండి దగ్గరే కూచున్నాడు. ఇరుసు తట్టి చూశాడు, చక్రం ఆకులు కదిపి చూశాడు. "పడవ కొంటివా, బండి కొంటివా?" అని అందరూ ఎగతాళి చేస్తే, "పుట్టి చినిగితే తారు పూస్తం. ఇరుసు ఇరిగితే ఏం పూస్తం?" అన్నాడట.

బండి ఎందుకో ఆ ఏడాది తిరిగేసరికి అందరికీ తెలిసింది. రిజర్వాయరు నిండితే 885 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు ఎక్కడికో దిగిపోతాయి. మునుపటిలా కృష్ణ ఒక ఒడ్డున ఉండడం మానేసింది. నీళ్ళ వెంట పుట్టి పోవాలి, పుట్టిని మోస్తూ బండి పోవాలి.

అలా ఓ వేసవిలో నాయనమ్మను బండిలో కూచోబెట్టి, మిగిలిన నీళ్ళు పుట్టి మీద దాటించి, పాత ఊరికి తీసుకుపోయాడు. బురద ఎండి, మొండిగోడలు తేలి ఉన్నాయట. వాకిట్లో రోలు ఉన్నచోటే ఉంది. నాయనమ్మ కొంగుతో దాని మీది ఒండ్రు తుడిచి, కాసేపు పక్కన కూచుని లేచింది. అంతే. ఆ తర్వాత పుట్టి అమ్మెయ్యమని పెద్దమ్మ పోరినప్పుడల్లా, "ఉండనియ్యవే, తిండి పెట్టమంటుందా?" అని నాయనమ్మే అడ్డుపడేదట.

మా వాడికి ఇదంతా చెప్పాను. అటునుంచి చాలాసేపు మాట లేదు.

"అయితే ఏం చేయమంటావత్తయ్యా?"

"టైర్లు మార్పించు. పడవ సంగతి తర్వాత చూద్దువుగాని" అన్నాను.