వియత్నాం రోడ్ల మీద మిన్స్క్ బండి

వియత్నాంను ఈ కొస నుంచి ఆ కొసకు పాత మోటార్‌సైకిల్ మీద చుట్టివచ్చే అలవాటు విదేశీ యాత్రికుల్లో 1990లలో మొదలైంది. ఆ రోజుల్లో ఉత్తర వియత్నాంలో వాళ్లకు ఎక్కువగా దొరికింది సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన 125 సీసీ మిన్స్క్ బండి. అది ఏ మలుపులో మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. కాకపోతే మొరాయించిన చోటల్లా దాన్ని విప్పి బిగించగలిగే మనిషి ఒకడు దొరికేవాడు.

ఈ బండి మూలం జర్మనీలో ఉంది. సాక్సనీలోని చోపావ్ పట్టణంలో డీకేడబ్ల్యూ కంపెనీ 1939లో ఆర్‌టీ 125 అనే తేలికపాటి టూ స్ట్రోక్ బండిని తయారుచేసింది. రూపకర్త హెర్మన్ వెబర్. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్ నష్టపరిహారం కింద ఆ ఫ్యాక్టరీ యంత్రాలనే కాదు, వెబర్‌ను కూడా తీసుకుపోయింది. ఆయన 1948లో అక్కడే చనిపోయాడు. ఓడిన దేశపు పేటెంటుకు దిక్కెవరు? బ్రిటన్‌లో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ చిన్నబండి, జపాన్‌లో యమహా 1955లో తెచ్చిన తన మొట్టమొదటి మోటార్‌సైకిల్ వైఏ-1, అన్నీ ఈ నమూనా నుంచి వచ్చినవే. సోవియట్ వాళ్లు దీన్ని మొదట మాస్కోలో ఎం1ఏ పేరుతో తయారుచేసి, 1951లో ఉత్పత్తిని బెలారస్‌లోని మిన్స్క్‌కు మార్చారు. మిగతా కంపెనీలు కాలక్రమంలో ఆ నమూనాను వదిలేశాయి. మిన్స్క్ ఫ్యాక్టరీ మాత్రం దశాబ్దాల తరబడి దాన్నే పట్టుకుని ఉంది.

దక్షిణ వియత్నాంలో 1960ల నుంచే హోండా కబ్‌లు తిరిగేవి. ఉత్తరాన పరిస్థితి వేరు. అక్కడికి వచ్చేవి మిత్రదేశాల సరుకులే. తూర్పు యూరప్‌లో చదువుకో, పనికో వెళ్లినవాళ్లు తిరిగొస్తూ సిమ్సన్, బాబెట్టా లాంటి చిన్నబండ్లు వెంట తెచ్చుకునేవారు. మిన్స్క్‌ది మోటు పని. చైనా సరిహద్దు కొండల్లో వరి బస్తాలు, దుంగలు, వెదురు బుట్టల్లో పందులు దాని వెనుక సీటు మీదే సంతకు చేరేవి. ఇంజన్‌లో వాల్వులు లేవు, విడిభాగాలు తక్కువ. ఒక స్క్రూడ్రైవరు, రెండు మూడు స్పానర్లు ఉంటే సగం ఇంజన్ ఊడదీయవచ్చు.

లోపాలకూ కొదవ లేదు. పాత బజాజ్ చేతక్‌లో లాగే దీనిలోనూ పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గుకు మసి పట్టి నిప్పురవ్వ రాదు, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. సీసాల్లో పెట్రోల్ అమ్మే కొండ ఊళ్లలో ఆ పాళ్లు అమ్మేవాడి చేతివాటాన్ని బట్టి ఉండేవి. అందుకే మిన్స్క్ మీద తిరిగేవాళ్లు జేబులో ఒకటి రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా ఉంచుకునేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి దగ్గడం మొదలవగానే ఆపి, వేడి ప్లగ్గును గుడ్డతో పట్టుకుని విప్పి, మొన మీది నల్లని జిగురును గీకి, మళ్లీ బిగించి కిక్కు కొట్టడం ప్రయాణంలో మామూలు విషయం. అంతకు మించిన రిపేరు వస్తే రోడ్డు పక్క మెకానిక్ ఉంటాడు. పాత టైరు వేలాడదీసి దాని మీద సున్నంతో నాలుగు అక్షరాలు రాస్తే అదే షాపు బోర్డు. గాలి కొట్టే కంప్రెసరు, పంక్చరు చూసే నీళ్ల తొట్టి, ప్యాచీ అతికించే బిగింపు. ఇంతకంటే సరంజామా అక్కర్లేదు.

1990ల తొలినాళ్ల దాకా విదేశీయులు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లాలంటే అనుమతి పత్రాలు కావలసి వచ్చేది. ఆ నిబంధన ఎత్తేశాక, అమెరికా 1994లో వాణిజ్య ఆంక్షలు తొలగించాక, రాకపోకలు పెరిగాయి. హనోయి పాతబస్తీలో మిన్స్క్‌లు అద్దెకివ్వడం, విదేశీయులు కలిసి మిన్స్క్ క్లబ్ పెట్టుకోవడం ఆ దశాబ్దపు సంగతులే. దారులు రెండు. ఒకటి కొండల వైపు: సా పా, దియన్ బియన్ ఫూ, లేదంటే హా జాంగ్ మీదుగా మా పీ లెంగ్ కనుమ. 1959 నుంచి 1965 దాకా కూలీలు చేతి పనిముట్లతో తొలిచిన హా జాంగ్ రోడ్డులో ఈ కనుమ భాగాన్ని తాళ్లకు వేలాడుతూ చెక్కారు. రెండోది తీరం వెంబడి హనోయి నుంచి సైగాన్‌కు సుమారు 1,700 కిలోమీటర్ల ఒకటో నెంబరు జాతీయ రహదారి. లారీల రద్దీలో ఆ దారి ఏమంత ఆహ్లాదం కాదు, ఒక్క హై వాన్ కనుమ తప్ప. హుయే, దా నాంగ్‌ల మధ్య 496 మీటర్ల ఎత్తున్న ఈ కనుమ కింద 2005లో సొరంగం తెరిచారు. లారీలు చాలావరకు అందులోకి మళ్లాయి. మోటార్‌సైకిళ్లను సొరంగంలోకి రానివ్వరు కాబట్టి పైన రోడ్డు ఎక్కువగా వాటికే దక్కింది.

2008 డిసెంబరులో బీబీసీ టాప్ గేర్ వ్యాఖ్యాతలు సైగాన్ నుంచి హా లాంగ్ అఖాతం దాకా ఒకరు వెస్పా, ఒకరు హోండా కబ్, ఒకరు మిన్స్క్ మీద వెళ్లిన కార్యక్రమం ప్రసారమైంది. ఆ తర్వాత ఈ అలవాటు ఊపందుకుంది. అప్పటికే మిన్స్క్‌ల సంఖ్య తగ్గుతోంది. 2000 ప్రాంతంలో చైనా విడిభాగాలతో కూర్చిన చవక బండ్లు వియత్నాం మార్కెట్‌ను ముంచెత్తాయి. కొత్తతరం యాత్రికుల చేతికి వచ్చింది ఒకప్పుడు ఊరి అధికారులు నడిపిన హోండా విన్ 100కు నకలు. హనోయిలో రెండు మూడు వందల డాలర్లకు కొని, నెల తర్వాత సైగాన్‌లో ఇంకో యాత్రికుడికి అమ్మేస్తారు. అతను మళ్లీ ఉత్తరానికి తోలుకుపోతాడు. నెలలో అమ్మేసే బండికి ఆయిల్ మార్పించేదెవరు? చెయిన్ సాగినా, బ్రేక్ అరిగినా తర్వాతివాడి నెత్తిన పడుతుంది. మిన్స్క్ మొరాయింపు దాని నిర్మాణంలోనే ఉండేది. విన్ నకళ్లది చాలావరకు చేతులు మారడం వల్ల వచ్చిన జబ్బు.

మరీ నడవని బండికి రైలు దిక్కు. హనోయి, సైగాన్ స్టేషన్లలో ట్యాంకులోని పెట్రోల్ తీయించి, బండిని సామానుగా బుక్ చేసుకుంటారు. యజమాని ప్యాసింజర్ బోగీలో వెళ్తాడు.

లైసెన్సు సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2014లో వియత్నాం 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో చేరాక, దాని కింద ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్లే అక్కడ చెల్లుతున్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆర్టీవో ఆఫీసు ఇచ్చే పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందిది. దాన్ని నమ్ముకుని బండి ఎక్కినవారికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెల్లింపు నిరాకరించవచ్చు. 50 సీసీ లోపు బండ్లకు మాత్రం అక్కడ లైసెన్సే అక్కర్లేదు.